తొడ బయటివైపు మంట, తిమ్మిరి: నరము నొక్కుకొనుటవలన కలుగు బాధ

గ్రామమున ఎవరికి ఏ బాధ కలిగినను, వైద్యుని వద్దకు పోవుటకు ముందు పంచాయతీ సభ్యునితో ఒక మాట చెప్పుకొనుట మన పల్లెలలో వాడుక. “ఎక్కడికి పోవలెను? ఎంత ఖర్చగును? ఇది ముదిరెడి రోగమా?” అని అడుగుదురు. ఆ సమయమున సభ్యుడు చెప్పు మాట ఒక కుటుంబమునకు మేలు చేయగలదు, కీడును చేయగలదు. కావున సభ్యులు వైద్యులు కానక్కర లేకున్నను, ఏ బాధకు ఏ ద్వారము తట్టవలెనో తెలిసినవారై యుండుట మంచిది. ఈ పాఠమున మేము అట్టి బాధ నొకదానిని గైకొని వివరింపదలచితిమి. అది తొడ బయటివైపున పుట్టు మంట, తిమ్మిరి.

ఈ బాధవలన ప్రాణభయము లేదు. పెక్కుమందికి పెద్ద ఖర్చు లేకుండనే తగ్గును. అయినను తెలియమివలన జనులు మూడు తప్పుదారులు పట్టుచున్నారు. కొందరు ఇది పక్షవాతమునకు ఆరంభమని భయపడి పని మానుకొందురు. కొందరు వెన్నుపూస జారినదని నమ్మి, అప్పు చేసి స్కానింగులు తీయించుకొందురు. మరికొందరికి తొడపై స్పర్శ తగ్గినందున కుష్ఠువని అనుమానము పుట్టి, ఇంటివారే వారిని దూరముంచుదురు. దీనికి వ్యతిరేకమైన తప్పును కలదు. నిజముగా ఆలస్యము చేయరాని వ్యాధి వచ్చినప్పుడు “ఇది ఉత్త తిమ్మిరి” అని ఊరకుండుట. ఈ రెండు తప్పులను తప్పించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము

హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము. ఒకప్పుడిది ద్రాక్షతోటలకు, కూరగాయలకు, చెరువు క్రింది వరి మళ్ళకు పేరుపొందిన సీమ. నేడు మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారియు, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారియు సాగుచున్నవి. మేడ్చల్‌లో పారిశ్రామికవాడ, గుండ్లపోచంపల్లిలో దుస్తులు కుట్టు కర్మాగారములు, తుర్కపల్లిలో ఔషధ పరిశోధనలకు నెలవైన జీనోమ్ వ్యాలీ వెలసినవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. ఇచ్చటి పెక్కు గ్రామపంచాయతీలు 2024, 2025 సంవత్సరములలో పురపాలక సంఘములలో కలిసినవి.

ఊరు మారినట్లే పనియు మారినది. నాగలి పట్టిన చేయి లారీ చక్రము పట్టినది. పొలమున నడచిన కాలు కర్మాగారపు గేటు వద్ద పన్నెండు గంటలు నిలుచుచున్నది. నడుమునకు పంచెకు బదులు బిగుతైన ప్యాంటు, దానిపై వెడల్పాటి తోలు బెల్టు వచ్చినవి. కుట్టుమిషను ముందు దినమంతయు కూర్చుండు స్త్రీలు, గంటలకొలది వాహనము నడుపు యువకులు ఎక్కువైరి. శరీరశ్రమ తగ్గి పొట్ట పెరుగుచున్నది. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో పెద్దవయస్సు స్త్రీ పురుషులలో నూటికి సుమారు 30 మంది అధిక బరువు గలవారు. మనము చెప్పబోవు బాధకు ఈ మార్పులన్నియు తావిచ్చునవే. పట్టణములకు సమీపమున నున్న ఇతర గ్రామములకును ఇది వర్తించును.

బాధ ఒకచోట, కారణము వేరొకచోట

మన నడుమునందలి వెన్నెముకలో రెండవ, మూడవ కటి నాడుల నుండి ఒక సన్నని నరము బయలుదేరును. అది పొత్తికడుపు లోపలివైపుగా వచ్చి, తుంటి ఎముక ముందు కొన దగ్గర, గజ్జలో బిగించిన త్రాడువలె నుండు గట్టి నారకట్టు క్రిందుగా దూరి తొడలోనికి దిగును. అచ్చటనుండి తొడ బయటివైపు చర్మమునకు శాఖలుగా వ్యాపించును. చలి, వేడి, స్పర్శ, నొప్పి అను కబుర్లను ఆ చర్మమునుండి మెదడునకు చేరవేయుటయే దీని పని.

ఇచ్చట రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. మొదటిది, ఇది కేవలము జ్ఞాననాడి. కండరములను కదలించు పని దీనికి లేదు. అందుచేత ఈ నరము ఎంత నొక్కుకొన్నను కాలు పడిపోదు, బలము తగ్గదు. రెండవది, ఇది నారకట్టు క్రింద దూరుచోటు మిక్కిలి ఇరుకైనది. అచ్చట ఒత్తిడి కలిగిన యెడల నరము నలిగి, మెదడునకు తప్పుడు కబుర్లు పంపును. గాయము గజ్జలో నున్నను మంట తొడపై తెలియును.

చెరువు క్రింద సేద్యము చేయువారికి ఇది సులభముగా బోధపడును. తూములో రాయి అడ్డుపడినచో ఆయకట్టు చివరి మడి ఎండును. ఎండినది మడియే అయినను, బాగు చేయవలసినది తూము. మడిలో ఎంత ఎరువు వేసినను ప్రయోజనము లేదు. అట్లే తొడపై ఎన్ని నూనెలు రుద్దినను, పట్టీలు వేసినను, గజ్జ వద్ద ఒత్తిడి తొలగనంతవరకు బాధ పోదు.

ఈ వ్యాధిని 1895లో జర్మనీ వైద్యుడు బెర్న్‌హార్ట్, రష్యా వైద్యుడు రోత్ వేర్వేరుగా వర్ణించిరి. రోత్ దీనికి “మెరాల్జియా పారెస్థెటికా” అని పేరిడెను. గ్రీకు భాషలో “మెరోస్” అనగా తొడ, “అల్గోస్” అనగా నొప్పి. మనోవిజ్ఞాన శాస్త్రమున ప్రసిద్ధుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ తనకే కలిగిన ఈ బాధను గూర్చి అదే సంవత్సరమున వ్రాసెను. నెదర్లాండ్సులో 2004లో ప్రకటింపబడిన లెక్కల ప్రకారము ఏటా పదివేల మందిలో నలుగురికి పైగా ఇది క్రొత్తగా కలుగుచున్నది. కావున ఇది అరుదైన వింత వ్యాధి కాదు.

గుర్తించుట ఎట్లు?

తొడకు ముందు బయటివైపున అరచేయి వెడల్పు నుండి మూర పొడవు వరకు గల చోట మంట, సూదులు గ్రుచ్చినట్లు పోటు, చీమలు ప్రాకినట్లు తిమ్మిరి, లేదా మొద్దుబారుట కలుగును. సాధారణముగా ఒక కాలికే వచ్చును. బాధ మోకాలు దాటి పాదమువరకు దిగదు. కొందరికి పంచె గాని, చీర గాని తగిలినను ఓర్చుకొనలేని మంట పుట్టును. ఎక్కువసేపు నిలిచినను, నడచినను పెరుగును. కూర్చుండి తుంటిని వంచినప్పుడు పెక్కుమందికి తగ్గును. నడక, బలము, మలమూత్ర విసర్జన యథాప్రకారముగా నుండును. చర్మముపై మచ్చ గాని, పొక్కు గాని ఉండదు.

వైద్యుడు మాటలు విని, చేతితో పరీక్షించియే దీనిని చాలవరకు గుర్తింపగలడు. రోగిని మంచి ప్రక్కకు పరుండబెట్టి, బాధగల ప్రక్క తుంటిని సుమారు 45 సెకనులు పై నుండి నొక్కి చూచు పరీక్ష యొకటి కలదు. అట్లు నొక్కినప్పుడు నారకట్టు వదులై బాధ తగ్గినచో ఈ వ్యాధియని తలంతురు. మోకాలి వద్ద సుత్తితో తట్టి చూచుదురు. ఈ వ్యాధిలో ఆ కదలిక చెడదు. ఇన్ని గుర్తులు సరిపోయినప్పుడు అందరికిని వెన్నెముక స్కానింగు అవసరము లేదు. సందేహమున్నచో ఏ పరీక్ష కావలెనో వైద్యుడే నిర్ణయించును.

ఒత్తిడి ఎచ్చటినుండి వచ్చును?

బిగుతైన బెల్టు, ప్యాంటు, గట్టిగా ముడివేసిన లంగా నాడా, పొట్ట పెరిగిన తరువాతను మార్చని మొలత్రాడు, పనిముట్లు వ్రేలాడదీసిన నడుము పట్టీ, ఒకే వైపు తుంటిపై ఆనించి మోయు బరువు, వీనిలో దేనిచేతనైనను ఆ ఇరుకు చోట ఒరపిడి కలుగవచ్చును. పెద్ద పొట్ట క్రిందికి వ్రేలాడినప్పుడు నారకట్టు సాగి నరమును నొక్కును. గర్భిణులకు చివరి నెలలలో ఇట్లే కలిగి, పెక్కుమందికి కాన్పు తరువాత పోవును. గజ్జ, తుంటి ప్రాంతమున జరిగిన శస్త్రచికిత్సలవలనను, దెబ్బలవలనను ఇది రావచ్చును.

మధుమేహము ప్రత్యేకముగా చెప్పదగినది. అది నరములను బలహీనపరచును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఒక జిల్లా ప్రజలను పరిశీలించి 2011లో ప్రకటించిన వివరముల ప్రకారము, ఏటా లక్షమందిలో 33 మందికి ఈ బాధ కలుగగా, మధుమేహము గలవారిలో 247 మందికి కలిగినది. అనగా ఏడు రెట్లకు పైన. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారము మన దేశమున పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా మధుమేహము కలదు. వారిలో పెక్కుమందికి తమకు అది యున్నట్లే తెలియదు. కనుక తొడ మంట అని వచ్చినవారికి చక్కెర పరీక్ష తప్పక చేయింపవలెను. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉన్నచో మధుమేహమని అనుమానించి, మరల పరీక్షించి నిర్ధారింతురు.

పొరపడరాని నాలుగు సందర్భములు

మొదటిది వెన్నెముక వ్యాధి. నొప్పి నడుమునుండి కాలి పొడవునా దిగుచు, కాలు బలహీనమైనచో అది ఈ వ్యాధి కాదు. కూర్చుండు భాగమున స్పర్శ పోయినను, మూత్రము ఆగిపోయినను, లేక తెలియకుండ పోవుచున్నను, ఒక్క దినమైనను ఆగరాదు. 108కి ఫోను చేసి వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఈ 108 సేవ నేడు ప్రతి పల్లెకును అందుబాటులో నున్నది.

రెండవది సర్పి. ఒక ప్రక్క మంట పుట్టిన కొలది దినములకు ఎఱ్ఱని దద్దు, నీటిపొక్కులు వరుసగా లేచును. దీనికి మందు పొక్కులు కనబడిన మూడు దినములలోపల ఆరంభించిన మేలు. మంత్రములకు, పసరులకు ఆ దినములు వెచ్చింపరాదు.

మూడవది మధుమేహమువలన తొడ కండరములు క్షీణించుట. తీవ్రమైన నొప్పితో పాటు తొడ సన్నగిల్లి, కూర్చున్నవాడు లేవలేకపోవును. దీనికి త్వరితముగా వైద్యము కావలెను.

నాలుగవది కుష్ఠు. దీనిలో చర్మముపై పాలిపోయిన, లేక ఎఱ్ఱని మచ్చ కనబడును. ఆ మచ్చపై స్పర్శ ఉండదు. చెమట పట్టకపోవచ్చును, వెండ్రుకలు రాలవచ్చును. తొడ నరము నొక్కుకొన్నప్పుడు మొద్దుబారుట ఉన్నను ఇట్టి మచ్చ ఉండదు. మచ్చ కనబడినచో భయపడక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. కుష్ఠునకు బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. వ్యాధి తీరునుబట్టి 6 లేక 12 నెలలు వాడిన నయమగును. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనలను 2019లో పార్లమెంటు అయిదు వైవాహిక చట్టములనుండి తొలగించినది. చట్టమే విడనాడిన అంటరానితనమును గ్రామము పట్టుకొని యుండరాదు.

చికిత్స: మెట్టు వెంట మెట్టు

మొదటి మెట్టు ఒత్తిడి తొలగించుట. బెల్టు వదులు చేయవలెను, లేదా కొంతకాలము మానవలెను. లంగా నాడాకు బదులు వెడల్పాటి మెత్తని పట్టీ కుట్టించుకొనవచ్చును. నాడా ముడిని తుంటి కొనపై గాక వేరొకచోటికి మార్చవలెను. మొలత్రాడు బిగుతుగా నున్నచో మార్చవలెను. జేబులోని బరువులు, నడుము పట్టీలోని పనిముట్లు తీసి సంచిలో పెట్టుకొనవలెను. గంటలకొలది నిలుచువారు మధ్య మధ్య కూర్చుండవలెను. గేటు కాపలాదారునకు ఒక కుర్చీ ఇప్పించుట కూడ వైద్యమే.

రెండవ మెట్టు బరువు తగ్గించుట. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని మన దేశ వైద్యులు నిర్ణయించిరి. ఒక దర్జీ టేపుతో ఎవరైనను కొలుచుకొనవచ్చును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 పాళ్ళు మించకుండునట్లు చూడుమని చెప్పినది. అనగా పళ్ళెములో అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు హెచ్చింపవలెను. జొన్నరొట్టెయు ధాన్యమే యని మరువరాదు.

మూడవ మెట్టు మందులు. పై జాగ్రత్తలతో కొన్ని వారములలో తగ్గనిచో వైద్యుడు నరముల నొప్పికి ప్రత్యేకించిన మందులు వ్రాయును. దుకాణములో అడిగి తెచ్చుకొన్న నొప్పి బిళ్ళలను దినదినము మ్రింగుట మూత్రపిండములకును, కడుపునకును చేటు. గర్భిణులు వైద్యుని అడుగక ఏ మందును వాడరాదు.

నాలుగవ మెట్టు గజ్జ వద్ద నరము చుట్టును స్పర్శ పోగొట్టు మందును, వాపు తగ్గించు స్టీరాయిడు మందును ఇచ్చు సూదిమందు. దీనిని నేర్పరియైన వైద్యుడే చేయవలెను. మధుమేహము గలవారికి స్టీరాయిడుచే చక్కెర పెరుగవచ్చును గనుక ముందుగా చెప్పవలెను. అన్నియు విఫలమైనప్పుడే శస్త్రచికిత్స. నారకట్టును వదలించి నరమును విడిపించుట ఒక పద్ధతి. నరమునే కోసివేయుట మరియొకటి. కోసివేసినచో ఆ చోటు శాశ్వతముగా మొద్దుబారును.

శస్త్రచికిత్సకు తొందరపడనక్కర లేదనుటకు ఒక లెక్క కలదు. పలు వైద్య పరిశీలనలను కూర్చి చూచిన కాక్రేన్ సమీక్షలో, ఏ చికిత్సయు లేకుండ గమనింపబడిన 29 మందిలో 20 మందికి తమంతట తామే నెమ్మదించినది. సూదిమందు పొందిన 157 మందిలో 130 మందికి గుణమిచ్చినది. ఈ పరిశీలనలు ఒకదానితో ఒకటి సరిపోల్చుటకు తగిన పద్ధతిలో జరిగినవి కావు. అయినను ఓపిక పట్టుట అవివేకము కాదని తెలుపుటకు ఇవి చాలును.

చేయరాని పనులు

మొద్దుబారిన చర్మమునకు వేడి తెలియదు. కావున కాగిన ఇటుక, వేడినీళ్ళ సంచి, నిప్పు సెగ పెట్టరాదు. తెలియకుండనే కాలి పుండగును. మధుమేహము గలవారికి ఆ పుండు త్వరగా మానదు. వాతము పోవునని వాతలు పెట్టుట క్రూరమే గాని వైద్యము కాదు. అర్హతలేని వారిచే తొడలోనికి సూదిమందులు వేయించుకొనరాదు. నడుము కట్టు బెల్టును ఎవరును చెప్పకుండనే కొని బిగించుకొన్నచో, ఉన్న ఒత్తిడికి మరియొక ఒత్తిడి తోడగును.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

రాజ్యాంగపు 73వ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలులో, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో సహా ఆరోగ్య, పారిశుద్ధ్య విషయము పంచాయతీలకు అప్పగింపదగిన వానిలో నొకటిగా పేర్కొనబడినది. ఈ బాధ విషయమున సభ్యులు చేయదగినవి నాలుగు.

ఒకటి, బాధితుని ముందుగా సమీపమున నున్న పల్లె దవాఖానాకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని పంపుట. అచ్చటి వైద్యుడు అవసరమని వ్రాసి ఇచ్చినప్పుడే సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వంటి పెద్ద చోట్లకు పోవుట మేలు. రెండు, 30 సంవత్సరములు దాటిన వారందరికిని రక్తపు పోటు, చక్కెర పరీక్షలు చేయు కార్యక్రమము జాతీయస్థాయిలో జరుగుచున్నది గనుక, ఆశా కార్యకర్తల వద్ద తమ వార్డులో పరీక్ష కానివారి జాబితా అడిగి తీసికొనుట. మూడు, కర్మాగారములు గల గ్రామములలో యజమానులతో మాట్లాడి, నిలిచి పనిచేయువారికి ఆసనములు, విరామము ఏర్పాటు చేయించుట. నాలుగు, ఎవరినైనను కుష్ఠు అనుమానముతో దూరముంచినట్లు తెలిసినచో స్వయముగా వెంటబెట్టుకొని పరీక్షకు తీసికొనిపోవుట. సభ్యుడు ప్రక్కన కూర్చుండిన రోగిని ఊరు వెలివేయదు.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. తొడపై మంట పుట్టినప్పుడు మొదట గజ్జను, నడుమును ఎందుకు గమనింపవలెను?

2. ఈ నరము నొక్కుకొన్నప్పుడు కాలు ఎందుకు బలహీనపడదు? కాలు బలహీనమైనచో ఏమని తలంపవలెను?

3. మొద్దుబారిన చోట మచ్చ యున్నచో ఎచ్చటికి పంపవలెను? ఆ చికిత్సకు రోగి ఎంత చెల్లింపవలెను?

4. ఏ గుర్తులు కనబడినప్పుడు 108ని పిలువవలెను?

5. మన గ్రామమున బిగుతైన పట్టీలు ధరించియు, గంటలకొలది నిలిచియు పనిచేయువారు ఎవరు? వారిలో చక్కెర పరీక్ష కానివారు ఎందరు?